మానేసే ముందు ఒకసారి అడిగి చూడాలి

పోయిన నెల మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అన్నియ్యా, ఫీల్డ్ మారిపోదామనుకుంటన్నాను" అన్నాడు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో ప్రొడక్షన్‌లో చేస్తున్నాడు. ఏమైందని అడిగితే నైట్ షిఫ్టులు ఎక్కువ పడుతున్నాయని, సరుకు నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లోకి వెళ్ళాలని ఎప్పట్నుంచో ఉందని, పంపించడం లేదని చెప్పాడు. మీ మేనేజర్ని అడిగావా అన్నాను. "అడగలేదు. అడిగితే మాత్రం పంపుతాడేటి? అయినా మనకి కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు కదా. హైదరాబాదెళ్ళి ముందు స్పోకెన్ ఇంగ్లీష్ చేసి, తర్వాత ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు చేద్దామని" అన్నాడు.

చదివిన చదువుని పక్కన పెట్టి, ఇంట్లో డబ్బు అడిగి, ఊరు విడిచి వెళ్ళడానికి సిద్ధపడ్డాడు గానీ, రోజూ ఎదురుపడే మేనేజర్ దగ్గరికి వెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడడానికి సిద్ధపడలేదు. ఇది వాడొక్కడి సంగతే అయితే ఇంత పొడుగు పోస్టు రాయాల్సిన పనిలేదు. నాతో పనిచేసిన కుర్రాళ్ళలో, ఇప్పుడు నా దగ్గర పనిచేస్తున్నవాళ్ళలో, మా బంధువుల్లో ఇదే చూస్తున్నాను.

నేను కూడా ఫీల్డ్ మారినవాణ్ణే. చాలా ఏళ్ళు మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ కంపెనీలో షిఫ్ట్ కెమిస్టుగా చేసి, ముప్పై దాటాక బయటికొచ్చి, ఇప్పుడు విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అడ్మినిస్ట్రేషన్ చూస్తున్నాను. రెండు చోట్లా చూశాక నాకొక అభిప్రాయం గట్టిపడింది. మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఉద్యోగం మారాలనుకునే చాలామందికి ముందుగా కావాల్సింది ఇంగ్లీషు కన్నా ఒక అలవాటు. పనిచేసే చోట తనకేమనిపిస్తోందో, తనకేం కావాలో పైవాళ్ళకి నోరు విప్పి చెప్పే అలవాటు. అది లేకుండా కంపెనీ మారినా, ఫీల్డ్ మారినా, ఊరు మారినా పాత ఇబ్బంది కొన్నాళ్ళకి కొత్త ఆఫీసులో మళ్ళీ ఎదురవుతుంది.

చెప్పకుండా మానేయడం

కంపెనీ బస్సుల్లో తిరిగినవాళ్ళకి ఇది బాగా తెలుసు. ఒకరోజు ఒక సీటు ఖాళీగా ఉంటుంది. జ్వరమేమో అనుకుంటాం. మర్నాడూ రాడు. ఫోన్ స్విచాఫ్. వారం పోయాక ఎవరో చెబుతారు, వైజాగ్‌లో చేరిపోయాడట అనో, చెన్నై వెళ్ళిపోయాడట అనో. హెచ్ఆర్ రికార్డులో "అబ్‌స్కాండింగ్", అంటే చెప్పకుండా పోయాడు, అని పడుతుంది. ఎందుకు మానేశాడని తోటివాళ్ళని అడిగితే కారణం చాలాసార్లు చిన్నదే. షిఫ్ట్ ఇన్‌చార్జి అందరి ముందూ తిట్టాడు. సిరిమాను పండగ రోజున సెలవడిగితే ఇవ్వలేదు. జూనియర్‌కి ఇంక్రిమెంటు ఎక్కువొచ్చింది. ఏదో ఒకటి మనసులో పడుతుంది, అది ఎవరికీ చెప్పకుండా నెలలు గడుస్తాయి, ఒకరోజు బస్సెక్కడు.

ఆ కుర్రాళ్ళని తప్పుపట్టడం నాకిష్టం లేదు. తిట్టిన ఇన్‌చార్జిది తప్పు, సెలవివ్వని పద్ధతిది తప్పు. కానీ నష్టం ఎవరికి? కంపెనీ ఇంకొకర్ని వేసుకుంటుంది. ఇతనికి రిలీవింగ్ లెటర్ రాదు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రాదు. కాస్త పెద్ద కంపెనీకి వెళ్తే వెరిఫికేషన్‌లో పాత హెచ్ఆర్‌కి ఫోనో మెయిలో వెళ్తుంది, అక్కడ పడుతుంది దెబ్బ. దాంతో చేసిన మూడేళ్ళు రెజ్యూమేలో చూపించకుండా ఫ్రెషర్‌గా చేరినవాళ్ళు నాకు తెలుసు. మూడేళ్ళు నైట్ షిఫ్టులు చేసి ఫ్రెషర్ జీతానికి!

పీఎఫ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలామందికి అవసరం వచ్చేదాకా పట్టదు. పాత కంపెనీ ఎగ్జిట్ డేట్ వెయ్యకపోతే ఆ డబ్బు కొత్త అకౌంటుకి మార్చుకోవడంలో తిప్పలు వస్తాయి. చివరి చందా పడ్డాక రెండు నెలలు ఆగి, మెంబర్ పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో ఎగ్జిట్ డేట్ మనమే వేసుకోవచ్చు. ఈ వీలు ఉందని తెలియక ఏడాది పొడుగునా తిరిగేవాళ్ళున్నారు. ఇంకోటి, ఉద్యోగం మారిన ప్రతిసారీ పీఎఫ్‌తో పాటు పెన్షన్ డబ్బు కూడా తీసేసుకుంటే సర్వీసు తెగిపోతుంది. పెన్షన్‌కి పదేళ్ళ సర్వీసు ఉండాలి. పాతది కొత్తదానికి కలుపుకుంటూ వెళ్తే ఆ పదేళ్ళు నాలుగు కంపెనీల్లో చేసినా లెక్కలోకి వస్తాయి. ఇదంతా చెప్పి మానేసినవాడికి హెచ్ఆర్ టేబుల్ దగ్గర పావుగంటలో తెలిసే విషయం. చెప్పకుండా మానేసినవాడు ఆ టేబుల్ దగ్గరికి మళ్ళీ వెళ్ళలేడు.

సగంలో ఆగే మాట

ప్లాంటులో ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అని నడుస్తుంది. షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు హ్యాండోవర్. లాగ్‌బుక్‌లో రాసి సంతకాలు పెట్టడమే కాకుండా, ఏ రియాక్టర్లో (మందు తయారయ్యే పెద్ద పాత్ర) ఏముంది, ఎక్కడిదాకా వచ్చింది, ఏది తేడాగా ఉంది అని వచ్చినవాళ్ళకి నోటితో చెప్పాలి.

ఒకసారి బీ షిఫ్టులో ఒక ఆపరేటర్, నలభై దాటిన మనిషి, పదో తరగతి చదువు, రియాక్టర్ల దగ్గర ఎంతోకాలంగా ఉన్నవాడు, సీ షిఫ్టు కెమిస్టుతో "బ్రైన్ కొంచెం స్లోగా ఉంది సార్" అన్నాడు. బ్రైన్ అంటే రియాక్టర్ని చల్లబరిచే ఉప్పునీళ్ళు. అక్కడితో ఆపేశాడు. అర్ధరాత్రి దాటాక రియాక్షన్ మాస్ వేడెక్కి టెంపరేచర్ లిమిట్ దాటింది. ప్రమాదమేమీ జరగలేదు గానీ బ్యాచ్ హోల్డ్‌లో పడింది. డీవియేషన్ (పద్ధతి తప్పినప్పుడు రాసే రిపోర్టు), ఇన్వెస్టిగేషన్, వారమంతా కాగితాలు. ఆ ఇన్వెస్టిగేషన్‌లో నేనూ ఉన్నాను. ఆ ఆపరేటర్ని కూర్చోబెట్టి మెల్లగా అడిగితే అప్పుడు బయటపడింది. బ్రైన్ లైన్లో ఒక వాల్వ్ పాస్ అవుతోందని, అంటే మూసినా పూర్తిగా మూసుకోవడం లేదని, ఆయనకి సాయంత్రమే అనుమానం. వాల్వ్ మార్చేదాకా అడిషన్, అంటే రియాక్టర్లో తర్వాతి సరుకు వెయ్యడం, మొదలుపెట్టకుండా ఉంటే బాగుండని కూడా అనుకున్నాడు. మరి చెప్పలేదేం అంటే, "సదూకున్నోళ్ళు, మీకు తెలీకుండా ఉంటదేటి సార్. నేను సెప్తే బాగోదు కదా" అన్నాడు.

మాకు సేఫ్టీ ట్రైనింగులో చెప్పే పైపర్ ఆల్ఫా కథ నాకు ఆరోజు గుర్తొచ్చింది. 1988 జూలై 6. స్కాట్లండ్ అవతల ఉత్తర సముద్రం మధ్యలో చమురు, గ్యాసు తీసే ప్లాట్‌ఫామ్. పగటి షిఫ్టువాళ్ళు ఒక పంపుకి సంబంధించిన సేఫ్టీ వాల్వ్‌ని రిపేరుకి విప్పి, ఆ చోట తాత్కాలికంగా పైపు నోరు మూసే బ్లైండ్ ఫ్లేంజి పెట్టారు. పని ఆ సాయంత్రానికి పూర్తి కాలేదు. వాల్వ్ లేదన్న సంగతి రాత్రి షిఫ్టుకి చేరలేదు. రాత్రి రెండో పంపు ఆగిపోతే, మొదటి పంపు స్టార్ట్ చేశారు. గ్యాస్ లీకైంది, పేలింది, 167 మంది చనిపోయారు. లార్డ్ కల్లెన్ విచారణ చేసి 1990లో ఇచ్చిన నివేదికలో 106 సిఫార్సులు ఉన్నాయి, ఇప్పుడు ప్లాంటుల్లో మనం చూసే, పని మొదలుపెట్టే ముందు తీసుకునే పర్మిట్, హ్యాండోవర్ పద్ధతుల మీద ఆ నివేదిక ప్రభావం చాలా ఉంది. అక్కడ అడ్డొచ్చింది ఇంగ్లీషు రాకపోవడం కాదు. ఒక షిఫ్టుకి తెలిసింది ఇంకో షిఫ్టుకి చేరలేదు.

ఆసుపత్రికి వచ్చాక ఇదే విషయం ఇంకోవైపు నుంచి చూశాను. నర్సులు డాక్టరుకి ఫోన్ చేసి పేషెంటు పరిస్థితి చెప్పడానికి ఎస్‌బార్ అని ఒక పద్ధతి ఉంది. అమెరికా నౌకాదళంలో మొదలై ఆసుపత్రుల్లోకి వచ్చింది. మాట నాలుగు ముక్కలుగా ఉండాలి. ఇప్పుడేం జరుగుతోంది, దీని వెనక సంగతేంటి, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి. "సార్, ఆరో బెడ్ పేషెంటుకి బీపీ పడిపోతోంది. మధ్యాహ్నం ఆపరేషనైంది. లోపల బ్లీడింగ్ ఏమో అని నాకు అనుమానంగా ఉంది. మీరు వెంటనే వచ్చి చూడాలి." ఇంతే.

ట్రైనింగ్ ఇచ్చాక వార్డుల్లో గమనించాను. మొదటి రెండు ముక్కలు మా పిల్లలు చక్కగా చెబుతారు. ఆరో బెడ్, బీపీ ఇంత, ఆపరేషన్ ఇన్నింటికి. తర్వాత ఆగిపోతారు. ఫోన్ అవతల డాక్టరు తనంతట తాను అడిగితే తప్ప "నాకిలా అనిపిస్తోంది", "మీరు రావాలి" అనే మాట రాదు. ప్లాంటులో ఆ ఆపరేటర్ కూడా సరిగ్గా అక్కడే ఆగాడు. మా పిన్ని కొడుకు అసలు మొదలే పెట్టలేదు. నైట్ షిఫ్టులు ఎక్కువయ్యాయని మేనేజర్‌కి తెలియదా? రోస్టర్ వేసేది ఆయనే, తెలుసు. ఆయనకి తెలియనిది ఇతనికి క్యూసీలోకి వెళ్ళాలని ఉందన్న సంగతి.

ఎందుకిలా ఆగిపోతామో నేను చాలా ఆలోచించాను. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు మన అభిప్రాయం చెప్పడమే ఎదురు చెప్పడంగా లెక్క. బడిలో మాస్టారు అడిగినదానికి జవాబు చెప్పాలి గానీ నాకిది కావాలి అనకూడదు. అలా పెరిగినవాళ్ళని తీసుకెళ్ళి ఆఫీసులో కూర్చోబెట్టి "బీ ప్రోయాక్టివ్" అని స్లైడు చూపిస్తే లాభం లేదు. పెద్దల పట్ల ఉన్న మర్యాదని నేను తీసెయ్యమనడం లేదు, అది నాలోనూ ఉంది, ఉండాలనే అనుకుంటాను. కానీ "సార్, నాకొక అనుమానం ఉంది, చెప్పమంటారా" అనడంలో మర్యాద ఎక్కడ తగ్గింది?

ఇంగ్లీషు సంగతి

ఇక్కడికి వచ్చేసరికి చాలామంది అడ్డుపడతారని తెలుసు. నువ్వు హాయిగా చెబుతావు, ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో అడిగితే మావాడు తెలుగులో అభిప్రాయాలు చెబుతాడా అని. ఇది తేలిగ్గా తీసేసే మాట కాదు. ఇంగ్లీషు కావాలి. మందుల కంపెనీలో రికార్డంతా ఇంగ్లీషే, ఆడిట్‌కి విదేశాల నుంచి వచ్చేవాళ్ళు చదివేది అదే. ఆసుపత్రిలో కేస్ షీట్ ఇంగ్లీషే, డిశ్చార్జ్ సమ్మరీ ఇంగ్లీషే. నేను నేర్చుకున్న ఇంగ్లీషులో చాలా భాగం డీవియేషన్ రిపోర్టులు రాస్తూ నేర్చుకున్నదే. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎవరు చూశారు, వెంటనే ఏం చేశారు. చిన్న చిన్న వాక్యాలు. ముందు తెలుగులో నలుగురం కూర్చుని జరిగింది తేల్చుకునేవాళ్ళం, తర్వాత రాసేవాళ్ళం. తెలుగులో తేలని విషయం ఇంగ్లీషులో రాస్తే అది గజిబిజిగానే ఉండేది, ఎంత మంచి ఇంగ్లీషు వచ్చినవాడు రాసినా.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. మన యాస. శ్రీకాకుళం కుర్రాడు హైదరాబాద్ ఆఫీసులో "ఏటి", "ఎల్లొస్తాను" అనగానే పక్క సీటువాళ్ళు నవ్వుతారు. సినిమాల్లో మన మాటని ఎన్నో ఏళ్ళు పనివాళ్ళకీ, నవ్వించే పాత్రలకీ అంటగట్టడం వల్ల ఆ నవ్వు వాళ్ళకి తప్పుగా కూడా అనిపించదు. ఒక్కసారి నవ్విన తర్వాత ఆ కుర్రాడు మీటింగులో నోరు తెరవడు. ఆర్నెల్లు పోయాక అప్రైజల్‌లో "కమ్యూనికేషన్ వీక్" అని రాస్తారు. నోరు మూయించి, మాట్లాడడం లేదని మార్కులు తీసేయడం అన్యాయం. మాట్లాడేవాడి భాష బాగుచెయ్యాలని కోర్సులు పెడతారు గానీ, వినేవాళ్ళ చెవి బాగుచేసే కోర్సు ఏ కంపెనీలోనూ నేను చూడలేదు.

గిడుగు రామమూర్తి గారు మన నేల మీదే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. జనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని ఆయన పోరాడిన సంగతి అందరూ చెబుతారు. అంతకు ముందే పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం ఆ భాషలోనే పాఠాలు తయారుచేశారు. చదువుకున్న మనిషి, ఉద్యోగంలో ఉన్న మనిషి, ఎదుటివాళ్ళ దగ్గరికి తనే వెళ్ళాడు. మా ఆసుపత్రికి సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి సవర వాళ్ళు వస్తుంటారు. అందులో పెద్దవాళ్ళలో కొంతమందికి తెలుగు అంతంత మాత్రం. ఏజెన్సీ కొండ ఊళ్ళ నుంచి వచ్చిన ఒక స్టాఫ్ నర్సు ఉంది మా దగ్గర, నెమ్మదిగా ఉంటుంది, ఇంగ్లీషులో అడిగితే తల దించుకుంటుంది. ఒక ముసలాయన మూడు రోజులుగా మాత్రలు మింగకుండా దిండు కింద పెడుతున్న సంగతి కనిపెట్టింది ఆమే. సవరలో కాసేపు మాట్లాడింది. మాత్ర వేసుకుంటే కళ్ళు తిరుగుతున్నాయట, ఆ సంగతి ఎవరికి ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు. డాక్టరు మందు మార్చారు. ఆ అమ్మాయి ఫైలు తీసి చూస్తే, చేరినప్పటి ఇంటర్వ్యూ షీటులో కమ్యూనికేషన్ దగ్గర పదికి నాలుగు మార్కులు ఉన్నాయి. ఇప్పుడు మా షీటులో ఆ గడి పక్కన పేషెంటు భాషలు ఎన్ని వచ్చు అని ఇంకో గడి పెట్టాం.

ఫీల్డ్ మారినప్పుడు వెంట వచ్చేది

మా పెదనాన్న జూట్ మిల్లులో పనిచేసేవారు. మిల్లు మూతపడింది, తెరిచారు, మళ్ళీ మూతపడింది. చివరికి విసిగిపోయి మానేసి ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా వెళ్ళారు. స్పిన్నింగ్‌లో ఆయనకి ఉన్న అనుభవం ఎవరికీ అక్కర్లేకపోయింది. అలాంటి మార్పుని నేర్పు, అభివృద్ధి అని మాట్లాడడం నాకు చేతకాదు. అది బతుకుతెరువు. నేను రాస్తున్నది కాస్త ఎంచుకునే వీలున్నవాళ్ళ గురించి. ఈ తేడా గుర్తుంచుకుని చదవండి.

నేను మారాలనుకున్నప్పుడు ఇంట్లో గొడవే అయింది. జీతం తగ్గుతుంది, ఆసుపత్రి గురించి ఏమీ తెలియదు, ఇద్దరు పిల్లలు. మా మావయ్యగారు "ఉన్నదాన్ని వదులుకుని లేనిదాని వెంట పడకు బాబూ" అన్నారు. మా ఆవిడ మాత్రం కాగితం తీసుకుని రెండే అడిగింది, ఎంత తగ్గుతుంది, ఎన్నాళ్ళు తగ్గుతుంది అని. ఆ రెండింటికి నా దగ్గర లెక్క ఉంది, చెప్పాను. తను సరే అంది. ఇంట్లో ఆ సంభాషణ సరిగ్గా జరగకపోతే బయట ఎన్ని ఇంటర్వ్యూలు బాగా చేసినా మనసు నిలబడదు.

ఆసుపత్రి ఇంటర్వ్యూలో ఓనర్ డాక్టరుగారు సూటిగానే అడిగారు, మెడికల్ లైన్లో అనుభవం లేదు కదా, నిన్నెందుకు తీసుకోవాలి అని. నేను, రాత్రి షిఫ్టు నర్సులు పగటి షిఫ్టుకి పేషెంట్లని ఎలా అప్పగిస్తారో ఒకసారి చూడొచ్చా సార్ అని అడిగాను. రిజిస్టర్ తెప్పించారు. పేజీ నిండా "సేమ్ ట్రీట్‌మెంట్ కంటిన్యూ" అని ఉంది. దీన్ని ఎలా మార్చొచ్చో, ప్లాంటులో మేం ఏమేం రాసేవాళ్ళమో చెప్పాను. రియాక్టర్ల గురించి నాకు తెలిసినది ఆసుపత్రిలో ఎందుకూ పనికిరాదు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి పోకుండా చేర్చడం ఎలా అన్నది పనికొచ్చింది. ఫీల్డ్ మారాలనుకునేవాళ్ళు రెజ్యూమే ముందు పెట్టుకుని వెతుక్కోవాల్సింది ఇదే. పాత పనిలో నువ్వు ఎవరికి ఏం చెప్పేవాడివి, చెప్పకపోతే ఏం ఆగిపోయేది?

నాతో ప్లాంటు మెయింటెనెన్స్‌లో చేసిన ఒక స్నేహితుడు 2019లో సచివాలయం ఉద్యోగానికి వెళ్ళాడు. ఆ అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పుడు మా కంపెనీ నుంచే చాలామంది వెళ్ళారు. మొదట్లో నెలకి పదిహేను వేలు, ప్లాంటులో వచ్చేదానికన్నా తక్కువ, అయినా సొంత ఊరి దగ్గర సర్కారు ఉద్యోగం. బీటెక్ మెకానికల్ చదివి పింఛన్ల దరఖాస్తులు చూడడమేంటని చుట్టాలు అన్నారు. వాడి దగ్గరికి ఒకసారి వెళ్ళినప్పుడు చూశాను. వచ్చిన ప్రతి మనిషికీ చిన్న చీటీ రాసి ఇస్తున్నాడు. మీ కాగితం ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, మళ్ళీ ఎప్పుడు రావాలి. చదువు రానివాళ్ళకి చదివి వినిపించి, ఇంట్లో మనవడికి చూపించమంటున్నాడు. అంతకు ముందు వాళ్ళు చెప్పులరిగేలా తిరిగినవాళ్ళే, ఎప్పుడొచ్చినా "సర్వర్ లేదు, రేపు రా" అనే మాట విన్నవాళ్ళే. ఈ చీటీ ఎక్కడ నేర్చుకున్నావురా అంటే, బ్రేక్‌డౌన్ స్లిప్పే కదరా అన్నాడు. మెషిన్ ఆగినప్పుడు ప్రొడక్షన్ వాళ్ళకి మేం రాసిచ్చే కాగితం అది.

చదివిన చదువుకీ చేసే పనికీ పొంతన లేదని బాధపడేవాళ్ళు విజయనగరంలో గురజాడ గారి ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఒకసారి ఆగాలి. ఆయన బడిలో పాఠాలు చెప్పారు, డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో గుమాస్తాగిరీ చేశారు, మహారాజా కాలేజీలో లెక్చరరుగా ఉన్నారు, తర్వాత సంస్థానంలో శాసనాల పనికి వెళ్ళారు.

అందరికీ నోరు విప్పే వీలుందా

నా వాదనలో నాకే తృప్తిగా లేని చోటు ఇది, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

చెప్పి చూడు, అడిగి చూడు అని పర్మనెంట్ ఉద్యోగికి చెప్పడం తేలిక. కాంట్రాక్టు కింద పనిచేసేవాడికి ఎలా చెప్పను? నేను పనిచేసిన చోట ఒక కాంట్రాక్టు హెల్పర్, మాస్కులు సరిపోవడం లేదని సేఫ్టీ మీటింగులో లేచి చెప్పాడు. మీటింగులో అందరూ తలూపారు. తర్వాతి సోమవారం అతని గేట్ పాస్ రెన్యూ కాలేదు. ఎవరూ తీసెయ్యలేదు, కారణం ఎవరూ చెప్పలేదు, కాంట్రాక్టర్ "రేపట్నుంచి వద్దులే" అన్నాడంతే. మాస్కులు మాత్రం వచ్చాయి. అది చూసినవాళ్ళు ఏం నేర్చుకుంటారు? తర్వాత జరిగిన ఏ మీటింగులోనూ కాంట్రాక్టు వాళ్ళెవరూ లేవలేదు. వాళ్ళని పిరికివాళ్ళు అనే హక్కు నాకు లేదు. ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. సూపర్‌వైజర్ మీద కంప్లైంట్ చెబితే ముందు ఇంట్లోవాళ్ళే ఉద్యోగం మానెయ్యమంటారు. కులం కూడా ఉంటుంది ఇందులో, పైకి ఎవరూ అనరు గానీ ఎవరి మాటకి ఇన్‌చార్జి తలెత్తి చూస్తాడో, ఎవరి మాట వింటూ ఫోన్ చూసుకుంటాడో అందరికీ తెలుసు.

అందుకని చెప్పే బాధ్యత కిందివాళ్ళ మీద ఎంత ఉందో, అడిగే బాధ్యత పైవాళ్ళ మీద అంతకన్నా ఎక్కువ ఉందని ఇప్పుడు నేను అనుకుంటున్నాను. అడగడం కూడా నేర్చుకోవాల్సిన పనే. "అర్థమైందా?" అని అడిగితే మన దగ్గర వందకి వందమంది "అయింది సార్" అంటారు. కాదని చెబితే తమని తక్కువ చేసుకున్నట్టు, చెప్పినవాణ్ణి తక్కువ చేసినట్టు అనిపిస్తుంది. మా వార్డుల్లో ఆ ప్రశ్న తీసేశాం. దానికి బదులు, "ఇప్పుడు నువ్వు వెళ్ళి మొదట ఏం చేస్తావో చెప్పు" అంటాం. డాక్టరు ఫోన్లో మందు చెబితే నర్సు రాసుకుని పేరు, డోసు తిరిగి చదివి వినిపించాల్సిందే, ఎంత సీనియర్ డాక్టరైనా అది వినకుండా ఫోన్ పెట్టెయ్యకూడదు. మొదట్లో ఒకరిద్దరు డాక్టర్లకి కోపమొచ్చింది, నా మీద నమ్మకం లేదా అని. ఇప్పుడు వాళ్ళే "చదువమ్మా" అంటున్నారు.

పేషెంటు ఇంటివాళ్ళతో కూడా అంతే. "డాక్టరుగారు ఏటన్నారు బాబూ" అని కారిడార్లో కనిపించినవాళ్ళనల్లా అడుగుతుంటారు, ఎందుకంటే ఐసీయూ ముందు నిలబడినవాళ్ళకి ఎవరూ వచ్చి చెప్పరు. రోజుకి రెండుసార్లు, ఒకే మనిషి, ఒకే చోట చెప్పాలని పెట్టాం. చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా వచ్చి, ఇంకా రిపోర్టు రాలేదు, సాయంత్రం వస్తుంది అని చెప్పాలి. బిల్లింగ్ కౌంటర్ దగ్గర గొడవలు చాలావరకు దీంతోనే తగ్గాయి.

హౌస్‌కీపింగ్ వాళ్ళు మాకూ కాంట్రాక్టు మీదే. వారానికొకసారి వాళ్ళతో కూర్చుంటాను. మొదట్లో ఎవరూ మాట్లాడలేదు. ఇబ్బందులేమైనా ఉన్నాయా అంటే లేవన్నారు. తర్వాత, నిన్న మీ పనికి ఏది అడ్డొచ్చింది, ఒక్కొక్కరూ ఒకటి చెప్పండి అని మార్చాను. ఒకామె, రాత్రి పూట వాడిన సూదుల డబ్బాలు నిండిపోయి పైనుంచి సూదులు బయటికి ఉంటున్నాయని, రాత్రి షిఫ్టులో కొత్త డబ్బాలు ఎవరి దగ్గరుంటాయో తమకి తెలియదని చెప్పింది. స్టోరు తాళం సాయంత్రం ఆరింటికే వేసేస్తున్నారు, అదీ సంగతి. తాళం ఇప్పుడు రాత్రి నర్సింగ్ ఇన్‌చార్జి దగ్గర ఉంటోంది.

వారం తర్వాత కాంట్రాక్టర్ నా దగ్గరికొచ్చాడు. మావాళ్ళతో మీరు నేరుగా మాట్లాడితే నా మాట వినరు సార్, ఆమెని వేరే సైటుకి మారుస్తున్నాను అన్నాడు. నేను ఆ పాత గేట్ పాస్ సంగతి మర్చిపోలేదు. డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళి ఇప్పుడేం జరుగుతోందో, ఇదివరకు ఒకచోట ఏం జరిగిందో చెప్పి, ఈమెని మార్చితే రేపట్నుంచి మనకి ఒక్క విషయం కూడా తెలియదని నాకనిపిస్తోందని, మన ఆసుపత్రిలో పనిచేసే కాంట్రాక్టు మనిషిని కారణం రాతపూర్వకంగా ఇవ్వకుండా తియ్యకూడదని, మార్చకూడదని అగ్రిమెంటులో రాయాలని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రేటు పెంచమంటాడేమో అన్నారు. నెల రోజులు పట్టింది. ఆమె ఇక్కడే ఉంది. షరతు ఈ ఏడాది అగ్రిమెంటులో చేరింది, మార్చిలో రెన్యూవల్‌కి వస్తుంది, అప్పుడు సెక్యూరిటీ వాళ్ళకి కూడా ఇదే షరతు వర్తించేలా రాయమని అడగబోతున్నాను.